కంటికి కనబడని కత్తెర, కంటికి కనబడని జిగురు

మన ఊళ్ళో చక్కెర జబ్బు ఉన్నవాళ్ళను చూస్తూనే ఉన్నాం. దాన్నే షుగరు అంటున్నాం. వాళ్ళల్లో కొందరు రోజూ ఇన్సులిన్ సూది వేసుకోవాలి. ఆ సూది మానేస్తే కొందరి ప్రాణానికే ముప్పు.

ఇంకో సంగతి. ఆస్పత్రిలో కాన్పు అయితే, బిడ్డ పుట్టిన 24 గంటల్లోపు నర్సమ్మ ఒక టీకా వేస్తుంది. అది హెపటైటిస్-బి అనే కామెర్ల జబ్బు రాకుండా కాపాడే టీకా.

ఈ రెండు మందులూ ఎక్కడ తయారవుతాయి? ఫ్యాక్టరీలో అంటారు మీరు. నిజమే. కానీ ఆ ఫ్యాక్టరీలో అసలు పనివాళ్ళు మనుషులు కాదు. కంటికి కనబడని సూక్ష్మజీవులు! కోట్ల కోట్ల సూక్ష్మజీవులు పెద్ద పెద్ద డ్రమ్ముల్లో పెరుగుతూ మన కోసం మందు తయారు చేస్తాయి.

వాటికి ఆ పని ఎవరు నేర్పారు? ఎలా నేర్పారు? అందుకు ఒక కత్తెర కావలసి వచ్చింది. ఒక జిగురు కూడా కావలసి వచ్చింది. ఆ రెండింటి సంగతే ఈ పాఠం.

ఒంట్లో రాసి ఉన్న పుస్తకం

ఇటుకలు పేర్చి గోడ కట్టినట్టు, మన ఒళ్ళంతా చిన్న చిన్న కణాలతో కట్టి ఉంది. దాదాపు ప్రతి కణంలోనూ చాలా సన్నని దారం లాంటి పదార్థం ఉంటుంది. దాని పేరు డి.ఎన్.ఎ. ఒక్క కణంలో ఉన్న దారాన్ని చిక్కు తీసి పరిస్తే సుమారు రెండు మీటర్లు ఉంటుంది. అంటే నాలుగు మూరల పైమాటే! అంత పొడుగు దారం కంటికి కనబడని కణంలో ఎలా పట్టింది? చుట్టలు చుట్టలుగా చుట్టుకుని పట్టింది.

ఆ దారం ఎలా ఉంటుంది? తాళ్ళ నిచ్చెనను ఊహించుకోండి. దాన్ని రెండు చివర్లా పట్టుకుని మెలి తిప్పండి. డి.ఎన్.ఎ. అలా ఉంటుంది. రెండు పక్కలా రెండు పేటలు. మధ్యలో మెట్లు.

ఈ మెట్లలోనే కిటుకంతా ఉంది. మీరు ఈ మధ్యనే అక్షరాలు నేర్చుకున్నారు. తెలుగులో 56 అక్షరాలు అని చదివారు. డి.ఎన్.ఎ. భాషలో నాలుగే అక్షరాలు. వాటి పేర్లు ఎ, టి, జి, సి. ఇవి నిజానికి నాలుగు రకాల రసాయనాలు. వాటి పేర్లు పొడుగు కాబట్టి శాస్త్రవేత్తలు ఇలా పొట్టిగా పిలుస్తారు.

ఒక్కొక్క మెట్టులో రెండు అక్షరాలు ఎదురెదురుగా ఉంటాయి. ఎ ఎదుట ఎప్పుడూ టి ఉంటుంది. జి ఎదుట ఎప్పుడూ సి ఉంటుంది. ఈ జోడీ తప్పదు. ఒక పేట చదివితే చాలు, రెండో పేటలో ఏముందో మనమే చెప్పొచ్చు.

మనిషికి అమ్మ నుంచి ఒక వరస, నాన్న నుంచి ఒక వరస వస్తాయి. ఒక్కొక్క వరసలో సుమారు 300 కోట్ల అక్షరాలు ఉంటాయి. ఆ అక్షరాల్లో అక్కడక్కడా పూర్తి వాక్యాలు ఉంటాయి. ఒక్కొక్క వాక్యాన్ని జన్యువు అంటారు. "ఫలానా మాంసకృత్తును ఇలా తయారు చేయి" అని జన్యువు కణానికి చెబుతుంది. ఇన్సులిన్ కూడా ఒక మాంసకృత్తే. దాన్ని ఎలా చేయాలో చెప్పే జన్యువు మనందరిలోనూ ఉంది.

అన్నిటికంటే పెద్ద సంగతి ఒకటుంది. మనిషిలోనూ, గేదెలోనూ, వేపచెట్టులోనూ, సూక్ష్మజీవిలోనూ ఇవే నాలుగు అక్షరాలు. భాష ఒక్కటే! అందుకే మనిషి వాక్యాన్ని సూక్ష్మజీవి పుస్తకంలో సరిగ్గా అతికిస్తే, ఆ సూక్ష్మజీవి దాన్ని చదివి ఇన్సులిన్ చేసిపెడుతుంది.

మరి అతికించాలంటే ముందు కోయాలి కదా! ఇంత సన్నని దారాన్ని కోసే కత్తెర ఎక్కడ దొరుకుతుంది?

కత్తెరను ఎవరు చేశారు?

కత్తెర అనగానే ఇనుముదే అనుకుంటాం. ఇది ఇనుముది కాదు. ఇది కూడా ఒక మాంసకృత్తు. ఇలా ఒంట్లో పనులు చేసిపెట్టే మాంసకృత్తులను ఎంజైములు అంటారు. మనం తిన్న అన్నాన్ని అరిగించేవి కూడా ఎంజైములే. నోట్లో కాసేపు అన్నం నమిలితే తియ్యగా అనిపిస్తుంది చూడండి. అది ఉమ్మిలోని ఎంజైము చేసిన పని.

డి.ఎన్.ఎ.ను కోసే కత్తెరను మనుషులు తయారు చేయలేదు. బాక్టీరియా అనే సూక్ష్మజీవుల దగ్గర అది ముందే ఉంది. మరి వాటికి కత్తెరతో ఏం పని?

మనకు వైరస్ వల్ల జబ్బు వచ్చినట్టే, బాక్టీరియాకూ వైరస్‌ల వల్ల చావు వస్తుంది. వైరస్ వచ్చి బాక్టీరియా మీద వాలుతుంది. తన డి.ఎన్.ఎ.ను దాని లోపలికి ఎక్కిస్తుంది. అప్పుడు బాక్టీరియా తన కత్తెరను తీస్తుంది. ఆ పరాయి డి.ఎన్.ఎ.ను ముక్కలు ముక్కలు చేస్తుంది. వైరస్ ఆట కట్టు!

మీకు ఒక అనుమానం రావాలి. ఆ కత్తెర బాక్టీరియా సొంత డి.ఎన్.ఎ.ను ఎందుకు కోయదు?

గొర్రెల కాపరి తన మంద గొర్రెలకు రంగు గుర్తు పెట్టుకుంటాడు కదా. బాక్టీరియా కూడా అంతే. తన డి.ఎన్.ఎ.లో కత్తెర కోసే చోటల్లా ఒక అక్షరం మీద చిన్న రసాయనపు బొట్టు పెట్టుకుంటుంది. బొట్టు ఉన్నచోట కత్తెర కోయదు. బొట్టు లేనిది పరాయిది. దాన్నే కోస్తుంది.

స్విట్జర్లాండ్ దేశపు వెర్నర్ ఆర్బర్ 1960 తర్వాతి సంవత్సరాల్లో ఈ సంగతి వివరించాడు. అమెరికాలో హామిల్టన్ స్మిత్ 1970లో, ఖచ్చితంగా ఒకేచోట కోసే ఒక కత్తెరను బాక్టీరియా నుంచి వేరు చేసి చూపించాడు. అమెరికాకే చెందిన డేనియల్ నాథన్స్ 1971లో ఆ కత్తెరతో ఒక వైరస్ డి.ఎన్.ఎ.ను 11 ముక్కలు చేశాడు. ఈ ముగ్గురికీ కలిపి 1978లో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఈ కత్తెరలను రిస్ట్రిక్షన్ ఎంజైములు అంటారు. ఇప్పటికి వేల రకాలు తెలిశాయి.

కత్తెర ఎలా కోస్తుంది?

ఒక్కొక్క కత్తెరకు ఒక్కొక్క మాట మాత్రమే వచ్చు. ఆ మాట కనబడితేనే కోస్తుంది. లేకపోతే ముందుకు జరుగుతుంది.

అన్నిటికంటే పేరు పొందిన కత్తెర ఎకో-ఆర్-వన్. మన పేరుకు ముందు ఇంటిపేరు ఉన్నట్టు, కత్తెర పేరులోనూ అది పుట్టిన బాక్టీరియా పేరు కలిసి ఉంటుంది. ఇది ఇ.కోలై అనే బాక్టీరియాది. మన పేగుల్లోనూ ఇ.కోలై జాతి బాక్టీరియా ఉంటుంది. ఎకో-ఆర్-వన్‌కు తెలిసిన మాట ఆరు అక్షరాలది. రెండు పేటలతో కలిపి రాస్తే ఇలా ఉంటుంది:

పై పేట: జి – ఎ – ఎ – టి – టి – సి
కింది పేట: సి – టి – టి – ఎ – ఎ – జి

కింది పేటను కుడి నుంచి ఎడమకు చదవండి. జి, ఎ, ఎ, టి, టి, సి. అదే మాట! "కిటికి", "వికటకవి" ఎటు నుంచి చదివినా ఒకటే కదా. ఇదీ అలాంటి తమాషాయే. కాకపోతే ఇక్కడ ఎదుటి పేటను వెనక నుంచి చదవాలి. మాట రెండు వైపులా ఒకటే కాబట్టి కత్తెర రెండు పేటల్లోనూ ఒకే చోట కోస్తుంది. జి-కి, దాని పక్క ఎ-కి మధ్యన కోస్తుంది.

పై పేటలో ఆ చోటు ఎడమ పక్కన ఉంది. కింది పేటలో కుడి పక్కన ఉంది. అందుకని కోత నిటారుగా పడదు. మెట్టు మెట్టుగా పడుతుంది. కోశాక ఇలా ఉంటుంది:

ఎడమ ముక్క పై పేట: జి
ఎడమ ముక్క కింది పేట: సి – టి – టి – ఎ – ఎ

కుడి ముక్క పై పేట: ఎ – ఎ – టి – టి – సి
కుడి ముక్క కింది పేట: జి

రెండు ముక్కలకూ నాలుగేసి అక్షరాలు జోడీ లేకుండా బయటికి వచ్చాయి. ఆ నాలుగూ తమ జోడీ కోసం ఎదురుచూస్తుంటాయి. అందుకే వీటిని అంటుకునే చివర్లు అంటారు. కొన్ని రకాల కత్తెరలు మాత్రం నిటారుగా కోస్తాయి. ఆ మొద్దు చివర్లను అతికించడం కష్టం.

ఆరు అక్షరాల మాట ఎన్ని అక్షరాలకు ఒకసారి వస్తుంది? లెక్క కట్టండి. ఒక్కొక్క చోట నాలుగు అక్షరాల్లో ఏదైనా రావచ్చు. కాబట్టి 4 × 4 × 4 × 4 × 4 × 4. మొత్తం 4,096. అంటే సగటున నాలుగు వేల అక్షరాలకు ఒకసారి కత్తెర పడుతుంది.

చేసి చూడండి

కాగితం మీద చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. పిల్లల్నీ పిలవండి.

1. ఒక తెల్ల కాగితం పట్టీ, ఒక రంగు కాగితం పట్టీ తీసుకోండి.
2. రెండింటి మీదా పైన రాసిన రెండు వరసల ఆరేసి అక్షరాలు రాయండి. రెండు వరసల మధ్య ఒక గీత గీయండి.
3. పై వరసలో జి-కి, ఎ-కి మధ్య నుంచి గీత దాకా కిందికి కోయండి. తర్వాత గీత వెంబడే కుడికి కోయండి. కింది వరసలో చివరి ఎ-కి, జి-కి మధ్య నుంచి కిందికి దించండి.
4. రెండు పట్టీలనూ ఇలాగే కోయండి.
5. తెల్ల కాగితం ఎడమ ముక్కను, రంగు కాగితం కుడి ముక్కను దగ్గరికి చేర్చండి.

అతికినట్టు సరిపోయాయా? కత్తెర ఒకటే అయితే చాలు. ఏ రంగు కాగితమైనా, ఏ జీవి డి.ఎన్.ఎ. అయినా చివర్లు కలుస్తాయి. అసలు బలమంతా ఇక్కడే ఉంది.

ముక్కల్ని ఎలా ఏరుతారు?

కత్తెర పని చేసేది చిన్న గొట్టంలోని నీళ్ళల్లో. మన ఒంటి వేడి, అంటే 37 డిగ్రీల దగ్గర ఎకో-ఆర్-వన్ బాగా కోస్తుంది. కోశాక రకరకాల పొడుగు ముక్కలు కలగాపులగంగా ఉంటాయి. వాటిని ఏరాలి.

అందుకు సముద్రపు నాచు నుంచి తీసిన పదార్థంతో జున్ను ముక్కలాంటి పలక పోస్తారు. దాని ఒక చివర డి.ఎన్.ఎ. వేసి కరెంటు పెడతారు. డి.ఎన్.ఎ. కరెంటుకు లోబడి అవతలి చివరకు కదులుతుంది. జాతరలో జనం మధ్య నుంచి చిన్నపిల్లలు చకచకా దూరిపోతారు. పెద్దవాళ్ళు వెనకబడతారు. ఇక్కడా అంతే. చిన్న ముక్కలు ముందుకు పోతాయి. పెద్దవి వెనక ఉంటాయి. రంగు వేసి చూస్తే గీతలు గీతలుగా కనబడతాయి. కావలసిన గీత ఉన్నచోట కోసి తీసుకుంటారు.

జిగురు ఏది?

అంటుకునే చివర్లు దగ్గరికి చేరితే కలుస్తాయి. కానీ ఆ కలయిక గట్టిది కాదు. చీర చిరుగుకు గుడ్డ అడ్డం పెట్టి గుండుసూది గుచ్చినట్టు. కుట్టు వేస్తేనే నిలుస్తుంది. ఆ కుట్టు వేసే ఎంజైము పేరు లైగేజు. దీన్ని 1967లో కనుగొన్నారు. ఇదీ కొత్తగా పుట్టింది కాదు. మన కణాల్లోనూ లైగేజులు ఉన్నాయి. డి.ఎన్.ఎ. పేట ఎక్కడైనా తెగితే అతికేది అవే.

మన ఉపఖండంలోని పంజాబులో పుట్టి అమెరికాలో పనిచేసిన హరగోవింద్ ఖొరానా, చిన్న చిన్న ముక్కలు రసాయనాలతో తయారు చేసి, లైగేజుతో అతికి, 1970లో ఒక పూర్తి జన్యువునే కట్టి చూపించాడు. మనుషులు తయారు చేసిన మొదటి జన్యువు అదే.

సూక్ష్మజీవి చేతికి ఎలా అందించారు?

బాక్టీరియాలో దాని ముఖ్యమైన డి.ఎన్.ఎ. కాక, గాజులాగా గుండ్రంగా ఉండే చిన్న డి.ఎన్.ఎ. కూడా ఉంటుంది. దాన్ని ప్లాస్మిడ్ అంటారు. అమెరికాలో స్టాన్లీ కోహెన్ ఈ ప్లాస్మిడ్‌ల మీద పనిచేస్తున్నాడు. హెర్బర్ట్ బోయర్ ఎకో-ఆర్-వన్ కత్తెర మీద పనిచేస్తున్నాడు. 1972లో హవాయి దీవుల్లో జరిగిన ఒక సభలో ఇద్దరూ కలిశారు. ఒకరి దగ్గర గాజు, ఒకరి దగ్గర కత్తెర! 1973లో వాళ్ళు ఈ పని చేసి చూపించారు:

ఒకటి. ప్లాస్మిడ్ గాజును కత్తెరతో ఒకచోట కోశారు. గాజు తెరుచుకుంది.
రెండు. కలపాల్సిన ముక్కను కూడా అదే కత్తెరతో కోశారు.
మూడు. రెండూ కలిపి లైగేజు వేశారు. ముక్క మధ్యలో చేరి గాజు మళ్ళీ మూసుకుంది.
నాలుగు. బాక్టీరియాను చల్లని ఉప్పునీటిలో ఉంచి, కాసేపు వేడి తగిలించారు. దానితో కొన్ని బాక్టీరియాలు గాజును లోపలికి తీసుకున్నాయి. ఈ ఉప్పు మనం కూరలో వేసుకునేది కాదు. కాల్షియం ఉన్న ఉప్పు.

లక్షల బాక్టీరియాల్లో గాజును తీసుకున్నవి కొన్నే. అవి ఏవో ఎలా తెలుస్తుంది? దానికి ఒక ఉపాయం ఉంది. ఆ గాజులో, బాక్టీరియాను చంపే మందును తట్టుకునే జన్యువు కూడా ఉంటుంది. అందరి మీదా ఆ మందు పోస్తారు. గాజు లేనివి చస్తాయి. ఉన్నవి బతుకుతాయి. బతికిన వాటినే పెంచుతారు.

పెంచడం ఎంతసేపు? మంచి తిండి పెడితే ఇ.కోలై 20 నిమిషాలకు ఒకసారి రెండవుతుంది. గంటకు ఒకటి ఎనిమిదవుతుంది. ఆ వేగం తగ్గకుండా ఉంటే పది గంటలకు నూరు కోట్లు దాటుతుంది! ప్రతి దానిలోనూ మనం పెట్టిన ముక్క ఉంటుంది.

షుగరు ఉన్నవాళ్ళకు ఏం దక్కింది?

1921కి ముందు ఇన్సులిన్ మందు లేదు. చిన్నతనంలో షుగరు వచ్చిన పిల్లలు ఎక్కువ కాలం బతికేవాళ్ళు కాదు. ఆ సంవత్సరం కెనడాలో బాంటింగ్, బెస్ట్ జంతువుల క్లోమం నుంచి ఇన్సులిన్ తీశారు. 1922లో ఒక పద్నాలుగేళ్ళ కుర్రాడికి మొదటిసారి ఇచ్చారు. అతను కోలుకున్నాడు.

ఆ తర్వాత అరవై ఏళ్ళు పశువుల నుంచి, పందుల నుంచే ఇన్సులిన్ తీశారు. మన ఇన్సులిన్‌లో 51 పూసలు ఉన్నాయనుకోండి. పందిది ఒక పూసలో తేడా. ఆవుది మూడు పూసల్లో తేడా. ఆ తేడా వల్ల కొందరి ఒంటికి పడేది కాదు. పైగా వేలవేల జంతువుల క్లోమాలు కావాలి.

1978లో అమెరికా శాస్త్రవేత్తలు మనిషి ఇన్సులిన్ జన్యువును రసాయనాలతో రాశారు. దాని చివర్లను కత్తెర కోసినట్టే తయారు చేశారు. ప్లాస్మిడ్‌లో అతికి ఇ.కోలైకి అందించారు. ఇ.కోలై మనిషి ఇన్సులిన్ చేసింది! 1982లో అమెరికా ప్రభుత్వం ఆ మందుకు అనుమతి ఇచ్చింది. ఇప్పుడు ఇన్సులిన్‌ను బాక్టీరియాతోనూ, ఈస్టుతోనూ చేస్తున్నారు.

ఇక్కడ ఒక మాట. "ఇన్సులిన్ మొదలుపెడితే అలవాటైపోతుంది" అని కొందరు భయపెడతారు. అది అలవాటయ్యే మత్తు కాదు. ఒంట్లో తక్కువైన దాన్నే బయటి నుంచి ఇస్తున్నాం. డాక్టరును అడగకుండా మానొద్దు. ఇన్సులిన్ మాంసకృత్తు కాబట్టి ఎండకు పాడవుతుంది. గుడ్డు ఉడికితే మళ్ళీ పచ్చిది అవుతుందా? ఇదీ అంతే. చల్లని చోట పెట్టండి. కానీ గడ్డ కట్టనివ్వొద్దు.

పురిటి బిడ్డకు ఏం దక్కింది?

హెపటైటిస్-బి వైరస్ కాలేయాన్ని పాడు చేస్తుంది. తల్లి నుంచి కాన్పులో బిడ్డకు అంటుతుంది. ఒకరికి వాడిన సూది, బ్లేడు ఇంకొకరికి వాడినా అంటుతుంది. లైంగిక సంబంధం వల్లా అంటుతుంది. కలిసి భోంచేస్తే అంటదు. పసితనంలో అంటితే చాలామందికి జీవితాంతం ఉండిపోతుంది. పెద్దయ్యాక కాలేయానికి కాన్సరు కూడా రావచ్చు.

మొదట్లో ఈ టీకాను, వైరస్ ఉన్నవాళ్ళ రక్తం నుంచి శుద్ధి చేసి తీసేవారు. కత్తెర, జిగురు వచ్చాక రక్తం అవసరం పోయింది. వైరస్ పైతొడుగును చేసే ఒక్క జన్యువును తీసి ఈస్టులో పెట్టారు. ఈతకల్లు పులిసేది ఈస్టుల వల్లే. ఈస్టు ఆ తొడుగును మాత్రమే చేస్తుంది. వైరస్‌ను చేయదు. ఉత్త చొక్కా చూపించి దొంగను గుర్తుపట్టడం ఒంటికి నేర్పినట్టు! ఈ టీకా వల్ల హెపటైటిస్-బి జబ్బు రాదు.

1986లో అమెరికాలో ఈ టీకా వచ్చింది. బయటి దేశం నుంచి తెప్పించుకుంటే ఖరీదు ఎక్కువ. మన హైదరాబాదులో కె.ఐ. వరప్రసాద్ రెడ్డి స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో ఈ టీకాను ఇక్కడే తయారు చేసింది. ధర బాగా దిగింది. ఇప్పుడు ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితంగా వేస్తున్నారు. పుట్టిన 24 గంటల్లోపు ఒకటి. తర్వాత 6, 10, 14 వారాలకు, ఐదు జబ్బుల టీకాతో కలిపి.

మరి భయం లేదా?

కొత్త కత్తెర చేతికొస్తే ఏది పడితే అది కోయొచ్చా? ఈ ప్రశ్న మొదట వేసుకున్నది శాస్త్రవేత్తలే. 1974లో కొన్ని రకాల ప్రయోగాలు ఆపుదామని వాళ్ళే అన్నారు. 1975లో అమెరికాలోని అసిలోమార్‌లో సమావేశమై జాగ్రత్తలు రాసుకున్నారు. మన దేశంలో 1989లో నిబంధనలు వచ్చాయి.

పంటల్లోనూ ఈ పని జరిగింది. మట్టిలో ఉండే ఒక బాక్టీరియా జన్యువును పత్తిలో పెట్టారు. అదే బి.టి. పత్తి. 2002లో మన దేశంలో అనుమతి ఇచ్చారు. మొదట కాయతొలిచే పురుగు తగ్గింది. ఏళ్ళు గడిచేసరికి గులాబీరంగు పురుగు దానికి తట్టుకోవడం నేర్చింది. మందులో మేలు చేసిన పద్ధతే చేలో కొత్త చిక్కులు తేవచ్చు. కాబట్టి ఎక్కడ, ఎవరి కోసం, ఏ జాగ్రత్తలతో వాడుతున్నారని అడగాలి. అడగాలంటే తెలియాలి. తెలియాలంటే చదవాలి.

జవాబులు చెప్పండి

1. బాక్టీరియా కత్తెర తన సొంత డి.ఎన్.ఎ.ను ఎందుకు కోయదు?
2. రెండు ముక్కలనూ ఒకే కత్తెరతో ఎందుకు కోయాలి?
3. లైగేజు లేకపోతే ఏమవుతుంది?
4. ఒక ఇ.కోలై గంటకు ఎనిమిది అయితే, రెండు గంటలకు ఎన్ని అవుతాయి?
5. మీ వీధిలో ఈ మధ్య పుట్టిన బిడ్డకు మొదటి 24 గంటల్లో టీకా వేశారా? టీకా కార్డు తీసి మీరే చదివి చూడండి.